పాత ఇత్తడి, కొత్త జట్టు

హోసూరు బజారులో మాది పాత్రల అంగడి. పాత ఇత్తడి తూకం వేసుకుని, దానికి బదులు కొత్త స్టీలు ఇవ్వడం మా వ్యాపారం. గల్లా పెట్టె వెనక కుర్చీలో మా నాయన, ఆయన తల పైన అరలో ఒక చిన్న టీవీ. క్రికెట్ ఉన్న రోజు గిరాకీ పెరుగుతుందని ఆయన వాదన. నిజానికి పెరిగేది నిలబడి చూసేవాళ్ళు. కొనేవాళ్ళకు లోపలికి దారి ఉండేది కాదు. ఆట ఎంత ముదిరినా నాయన గల్లా వదిలి లేచేవాడు కాదు, వెనక్కి తిరిగి చూసేవాడూ కాదు. ఎదురుగా ఉన్న ముఖాలు చూసి "వికెట్ పోయినట్టుండాదే" అనేవాడు. పోయే ఉండేది.

నాకు మాటలు వచ్చిన కొత్తలో ఒక ముద్ద తినమంటే అర ముద్దకు బేరం పెట్టానని అమ్మ చెబుతుంది. అలాంటిదాన్ని, కృష్ణగిరిలో కాలేజీ ముగించుకుని వచ్చి అంగడిలో నిలబడ్డాను. నిలబడటం అంటే నిజంగా నిలబడటమే, ఎందుకంటే ఉన్నది ఒక్క కుర్చీ. ధర చెప్పే హక్కు ఆ కుర్చీది. మిగతావాళ్ళు సామాను దించాలి, తుడవాలి, కట్టాలి. నాకు ఆ కుర్చీ కావాలి.

ఒకసారి నాయన చుట్టాల పెళ్ళికని కావేరిపట్టణం వెళ్తే ఒక్క పూట అందులో కూర్చున్నాను. జవళగిరి నుంచి ఒక అవ్వ ఇత్తడి బిందె తెచ్చింది. ధర తగ్గించాలంటే సరుకును తిట్టాలి కదా, తిట్టాను. అడుగు అరిగిందన్నాను, సొట్టలు చూపించాను. "ఇది బిందె కాదవ్వా, తుక్కు" అన్నాను, చాలా తెలివిగా.

అవ్వ బిందెను చంకకెత్తుకుంది. "దీంట్లో నీళ్ళు తాగే నా బిడ్డలు పెద్దోళ్ళయినారు. తుక్కంట. నీ స్టీలు నువ్వే పెట్టుకో తల్లీ" అని మెట్లు దిగి పోయింది.

ఎదురంగడి పప్పుల మామ ఈ సంగతిని నాయన బస్సు దిగీ దిగకముందే ఆయన చెవిన వేశాడు. నాయన కోప్పడలేదు. "పాతదాన్ని తీసుకునేటప్పుడు ముందు దాన్ని మెచ్చుకోవాలమ్మా. అట్ల చేస్తే ఇచ్చేవాళ్ళ చెయ్యి వదులవుతాది. ఇంకా కొన్నాళ్ళు నిలబడు" అన్నాడు.

నిలబడ్డాను. బుద్ధి మాత్రం వెంటనే రాలేదు. రెండు వేల ఏడులో మన జట్టు పెద్ద పోటీ నుంచి మొదట్లోనే ఇంటికి వచ్చేసింది. నేను టీవీని చూస్తూ, నాయనకు వినబడేలా అన్నాను. "ముసలోళ్ళకు తుప్పు పట్టింది. మార్చేయాల."

"ఇత్తడికి తుప్పు పట్టదు. చిలుము పడతాది. చింతపండేసి తోమితే పోతాది" అన్నాడాయన, టీవీ వైపు కాదు, నా వైపు చూస్తూ.

ఆ ఏడే ఇరవై ఓవర్ల పోటీ ఒకటి వచ్చింది. ఈ పొట్టి ఆటకు మేము రామని పెద్ద ఆటగాళ్ళు తప్పుకున్నారు, కుర్రాళ్ళు బయలుదేరారు. పప్పుల మామ మా అంగట్లోకి వచ్చి "పిల్లకాయల్ని పంపినారప్పా. పోయిన విమానం ఆడనే ఆపి పెట్టుకుంటే మేలు, రెండు దినాల్లో తిరిగొస్తారు" అన్నాడు.

అప్పుడు నాకు అవ్వ బిందె, దాని మీద నాయన చెప్పిన మాట గుర్తొచ్చాయి.

"ఆ పెద్దోళ్ళ ఆట ఇంకెవురికొస్తాది నాయనా" అన్నాను. "ఇన్నేండ్లు బరువంతా వాళ్ళే మోసినారు. ఎవురూ తొయ్యకనే పక్కకు జరిగినారు చూడు, అదీ పెద్దరికం."

నాయన నా ముఖం చదివాడు. "ఏం కావాలమ్మా నీకు?"

"ఈ పిల్లకాయలు కప్పు గెలిస్తే నాకు గల్లా సీటు."

"ఒక దినం."

"ఎప్పటికీ."

"వారం."

"దీపావళి దాకా. ఓడిపోతే ఇంకో ఏడు నోరు మూసుకుని నిలబడతాను."

"నోరు మూసుకుంటానంటా ఉండాది, ఒప్పుకోప్పా. ఇంత మంచి బేరం మళ్ళీ రాదు" అన్నాడు మామ. నాయన నవ్వి తల ఊపాడు. ఆ నవ్వులో ఆయన లెక్క తెలుస్తూనే ఉంది. పిల్లకాయలు గెలిచేదెక్కడ?

వాళ్ళు గెలుస్తూ పోయారు. గెలిచిన ప్రతిసారీ నాయన కుర్చీలో ఇంకొంచెం వెనక్కి జరిగి, గట్టిగా కూర్చునేవాడు.

ఫైనల్ సాయంత్రం మెట్ల దాకా జనం. చివరి ఓవర్. అవతలివాళ్ళకు ఒక్క మంచి దెబ్బ చాలు. బంతి గాల్లోకి లేచింది. అంగడిలో ఒక్క ముఖం కదలలేదు. నాయన ఎదురుగా ఉన్న ముఖాలన్నీ వెతికాడు. ఏమీ దొరకలేదు. ఎన్నో ఏళ్ళలో మొదటిసారి గల్లా వదిలి లేచి, ఇవతలికి వచ్చి తల ఎత్తాడు.

బంతి మనవాడి చేతుల్లో పడింది. బజారంతా ఒకటే కేక. ఎవరో మా కొత్త తాంబాళం తీసి వాయించారు. నాయన కూడా మామను కావలించుకుని గంతేశాడు. తర్వాత కూర్చోవడానికని వెనక్కి తిరిగాడు.

కుర్చీలో నేనున్నాను. క్యాచ్ చూడలేదు. ఆయన లేచిన క్షణంలోనే అటు వెళ్ళాను. దేశమంతా చూసిన ఆ బంతిని నేను తర్వాత వార్తల్లో చూశాను.

నాయన వంగి, ఇత్తడిని పరీక్షించినట్టే, వేలి గణుపుతో నా తల మీద రెండుసార్లు తట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"సొట్టలుండాయి. పగులు లేదు" అని మామతో అన్నాడు. "తీసుకోవచ్చు."

మరునాటి నుంచి వాకిలి దగ్గర ముక్కాలిపీట ఆయనది. వచ్చిన ఇత్తడిని తట్టి చూడటం ఆయన, ధర చెప్పడం నేను. దీపావళి ముందు జవళగిరి అవ్వ అదే బిందెతో మళ్ళీ వచ్చింది. నేను లేచి, రెండు చేతులా అందుకున్నాను. "ఎంత గట్టి బిందె అవ్వా. ఇట్లాంటి పని ఇప్పుడు యాడ చేస్తా ఉండారు?"

"నువ్వే చెప్తివి గదా తల్లీ" అంది అవ్వ, నింపాదిగా కూర్చుంటూ. "అయితే ఆ పెద్ద డబరాతో పాటు ఈ మూత గిన్నె కూడా ఎత్తిపెట్టు."

పెట్టాను. వాకిలి దగ్గర నాయన తుండు ముఖానికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

తర్వాతి ఏళ్ళలో ఆ పెద్ద ఆటగాళ్ళు నిజంగానే ఒక్కొక్కరుగా రిటైరయ్యారు. ప్రతిసారీ నాయన పీట మీది నుంచి లేచి, టీవీకి ఎదురుగా నిలబడి చప్పట్లు కొట్టాడు. నేను లేవలేదు. దీపావళులు ఎన్ని వచ్చినా గడువు ముగిసిందని ఆయన అడగలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఇప్పుడు టీవీ నా తల పైన ఉంది. స్కోరు ముఖాల్లో చూసి చెప్పాలని ప్రయత్నిస్తున్నాను. సగం తప్పుతున్నాను.