నరానికి మడవ

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం రాకపోవడం. వెన్ను ఆపరేషన్ అయ్యాక వంగి పని చేయొద్దన్నారు. ఆ ఖాళీ నెలల్లో మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను, ఇప్పటికి రాయడం కుదిరింది. అందుకే మొదట ఆ ఆపరేషన్ గురించే రాస్తున్నాను.

అప్పుడు మేము పుంగనూరు దగ్గర టమాటా పండించేవాళ్ళం. నడుములో డిస్కు జారి నరాన్ని నొక్కడంతో ఎడమ కాలు లాగేసేది. నీళ్ళ బిందె కూడా ఎత్తలేకపోయేదాన్ని. చివరికి మదనపల్లెలో ఆసుపత్రిలో చేరాను. తోడుగా ఉండడానికి కుప్పం నుంచి మా అక్క వచ్చింది.

ఆపరేషన్‌కు ముందురోజు మత్తు ఇచ్చే డాక్టరమ్మ వచ్చి, "తర్వాత నొప్పి తెలీకుండా నరానికి బ్లాక్ ఇస్తామమ్మా" అంది.

అక్క ముఖం పాలిపోయింది. బావకు గుండెలో బ్లాక్ ఉందని తేలి ఎంతో కాలం కాలేదు.

"మా ఆయనకుండే బ్లాక్ తీపిచ్చేదానికి బెంగుళూరు దాకా పోయినాము. మీరేమో లేని బ్లాక్ పెడతామంటాండారే" అంది.

నాకు అప్పుడే కాళ్ళు చచ్చుబడినట్టనిపించింది. "నాకొద్దు తల్లీ. నొప్పయితే ఓర్చుకుంటా. నరం మూసుకోని కాళ్ళు పడిపోతే నన్నెవురు మోస్తారు?"

"నేనైతే మొయ్యను. టమాటా గంప కంటే బరువుండావు" అంది అక్క.

డాక్టరమ్మదీ మా వైపు ఊరే. నవ్వి, మంచం అంచున కూర్చుంది.

"మడికి నీళ్ళు కడతారు గదమ్మా. మడి తడిసినాక ఏం చేస్తారు?"

"కాలవ నీళ్ళు మళ్ళే దారికి మట్టేసి మడవ కట్టేస్తాము."

"అంతమాత్రానికి బాయి ఎండిపోతాదా?"

"యాల ఎండుతాది? ఆ మడికి నీళ్ళు పోవు, అంతే."

"ఇదీ అంతే. మీరు మత్తులో ఉన్నప్పుడే వెన్నుకు రెండు పక్కలా సూదేస్తా. కోసిన చోటి నొప్పి తలకాయికి చేరకుండా నరానికి మడవ కడతా. మందు తగ్గేకొద్దీ అది దానంతటదే తెగిపోతాది. కాళ్ళు మాత్రం ఆడతానే ఉంటాయి."

అక్క నా వైపు తిరిగింది. "మడవైతే ఏయించుకోవే" అంది.

మరునాడు ఆపరేషన్ అయ్యి కళ్ళు తెరిచేసరికి నడుము నాది కానట్టు మొద్దుబారి ఉంది. ముందు కాలివేళ్ళు కదిపాను. అక్క దుప్పటి ఎత్తి చూసి, "ఆడతాండాయి" అని పక్క మంచాలకు కూడా చెప్పింది.

పొద్దు గూకేసరికి నొప్పి మెల్లగా మొదలైంది. రోజంతా కలుపు తీసి వచ్చినప్పటి నొప్పి అంత. మాత్ర వేసుకుని నిద్రపోయాను.

తెల్లవారాక నర్సమ్మ భుజం పట్టుకుని లేచాను. వసారా చివరి దాకా నడిచి, కుళాయి దగ్గర నిలబడి నా ముఖం నేనే కడుక్కున్నాను.