మా ఆయన చేపల తొట్టి, మా నాయన సంచి

ఎనభైల మొదట్లో మా కాపురం మదనపల్లెలో. మా ఆయన పట్టుదారం కొట్లో పనిచేసేవాడు. సరుకు పని మీద బెంగళూరు వెళ్లి, ఒకసారి గాజు చేపల తొట్టి కొనుక్కొచ్చాడు. బస్సులో దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాడట. కొత్త పెళ్లాన్ని కూడా ఇంత జాగ్రత్తగా తీసుకురాలేదే అని దెప్పితే నవ్వి ఊరుకున్నాడు. అడుగున ఇసుక పరిచి, నీటి మొక్కలు నాటి, రంగు చేపల్ని వదిలాడు. సాయంత్రం ఇంటికొస్తే నన్ను పలకరించకముందే వాటిని పలకరించేవాడు.

ఆ ఏడే మా అమ్మ పోయింది. తంబళ్లపల్లె దగ్గర పల్లెలో ఒక్కడే అయిపోయిన మా నాయనను పట్టుబట్టి తెచ్చుకున్నాను. కూతురింట్లో కూర్చుని అల్లుడి సొమ్ము తినడం ఆయనకు నామోషీ. గుడ్డల సంచిని విప్పకుండా తలుపు వెనక మేకుకు తగిలించుకున్నాడు. తువ్వాలు అందులోంచే తీసేవాడు, ఆరగానే మళ్లీ అందులోనే పెట్టేవాడు.

"ఎల్లుండి పోతానమ్మా. గొర్రెల్ని పక్కింటోళ్లు ఎన్ని దినాలని సూస్తారు?" అని రోజూ ఒకటే పాట. ఆ ఎల్లుండి నిజంగా వస్తుందేమోనని నాకు భయం. అక్కడ ఆయనకు ఇంత సంగటి కెలికి పెట్టే దిక్కు లేదు.

పగలంతా ఆయన కాలక్షేపం ఆ తొట్టి దగ్గరే. స్టూలు లాక్కుని కూర్చుని, చేపల్ని వదిలేసి మొక్కల్ని చూసేవాడు.

కొన్నాళ్లకు తొట్టిలో నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా మసకబారాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మా ఆయన మేత తగ్గించాడు. తొట్టిని కిటికీ ఎండకు దూరంగా జరిపాడు. సగం నీళ్లు తోడి కొత్తవి పోశాడు. ఒక పూట తేటగా ఉండి, మళ్లీ మామూలే. కొళాయి నీళ్లు పడలేదేమోనని బావి నీళ్లు పోయాలన్నాడు. మోసింది మాత్రం నేను.

నా ఓపిక నశించింది. ఒక మధ్యాహ్నం నాయన కునుకు తీస్తుండగా చేపల్ని బకెట్లోకి మార్చి, ఇసుక కడుగుదామని తొట్టిలో చెయ్యి పెట్టాను. మొక్క మొదట్లో మెత్తగా ఏదో తగిలింది. తీసి చూస్తే నానిపోయిన గొర్రె పెంటికలు. ప్రతి మొక్క కిందా ఉన్నాయి. పెరట్లో నా కనకాంబరాలకని నాయన ఊరినుంచి మూట కట్టి తెచ్చిన ఎరువే అది.

నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. ఎరువు లేని మొక్కను చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల కాదు. నీళ్లు మార్చినప్పుడల్లా సత్తువ కొట్టుకుపోయిందని మళ్లీ పెట్టినట్టున్నాడు. అల్లుడి తొట్టిని పాడుచేసింది తనే అని తెలిస్తే దొరికిన బస్సెక్కి వెళ్లిపోతాడు. గబగబా అన్నీ ఏరి పెరట్లో పారేసి, చేపల్ని మళ్లీ తొట్టిలో వదిలాను.

సాయంత్రం మా ఆయన తొట్టి ముందు నిలబడ్డాడు. నాయన వంగి మొక్కల మొదళ్లు చూసి, "ఎరువంతా తీసేసినావా అమ్మా?" అన్నాడు.

నేను చప్పున మా ఆయన వైపు చూశాను. నాయన నా మొహం చూశాడు, నీళ్లు చూశాడు. "అయితే ఇది నా పనేనా," అని మెల్లగా లేచి తలుపు వెనక్కి వెళ్లి సంచి మీద చెయ్యి వేశాడు.

"మామా, ఇట్ల రాండి," అన్నాడు మా ఆయన. "ఈ మొక్క సూడండి, కొత్త ఆకు ఏసుండాది. నేను నాటినప్పట్నుంచీ ఒక్కటీ ఎయ్యలేదు. నాకు నీళ్ల సంగతి తెలుసు గానీ మొక్కల సంగతి తెలీదు. మీరు పోతే వీటిని సూసేదెవురు?"

నాయన సంచి వదిలేసి వచ్చి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. మొక్క వైపు వంగి, "ఒక పెంటిక ఏస్తే సాలునేమోప్పా," అన్నాడు.

"అది కూడా వద్దు మామా."

ఆ మాటకు ముగ్గురం నవ్వాం. మా ఆయన మీద నాకు అంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

ఆ తర్వాత నీళ్లను కదపకుండా వదిలేశాం. వారం తిరిగేసరికి వాటంతటవే తేటపడ్డాయి. ఆ సాయంత్రం తీగ మీద బట్టలతో పాటు నాయన తువ్వాలు కూడా తీసి, మడిచి మా బీరువాలో పెట్టాను. కోప్పడతాడేమో అనుకున్నాను.

మర్నాడు సంచి వంక పోకుండానే స్నానాల గదిలోకి వెళ్లి, అక్కణ్నుంచి కేకేశాడు. "నా తువ్వాలు యాడ పెట్టినావమ్మా?"