పడుగు మీద పడ్డ పాట

బురదలో పడ్డవాడు ఒళ్ళు కడుక్కుని ఇంటికి పోతాడు. నేను పడింది బురదలో కాదు, ఒక ఇంటివాళ్ళ కష్టం మీద. అదీ కళ్ళు మూసుకుని, కంజీర వాయిస్తూ, దేవుడి పాట పాడుతూ పడ్డాను. ఆ ఘనకార్యం చెబుతాను, మొహమాటపడకుండా నవ్వండి.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బెజవాడలో మా చర్చి అయ్యగారు నన్ను పటమటలో కాలవగట్టు పక్కనున్న పెంకుటి గదిలో పెట్టి, చుట్టుపక్కల పిల్లలకు సండేస్కూలు నడపమన్నారు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. గన్నవరంలో నన్ను పెంచిన మేనత్త ఆ ఏడే పోయింది. ఆ గది తప్ప నాకు వేరే చోటు లేదు.

ప్రతి ఆదివారం గది ఊడ్చి, చాపలు పరిచి, గంట కొట్టేవాణ్ణి. వచ్చేది ఎదురింటి మేక ఒక్కటే. దానికి నా కథల కన్నా చాప అంచు రుచిగా ఉండేది. అయినా అది వెళ్ళిపోతే నాకు బెంగగా ఉండేది. ఆ బెంగ ఎవరికి చెప్పుకోను? మేకకే చెప్పాలి.

క్రిస్మస్ దగ్గర పడుతుండగా అయ్యగారు వచ్చి, ఖాళీ చాపలు చూసి నెమ్మదిగా అన్నారు.

“వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను. అప్పటికీ పిల్లలు లేకపోతే గదికి తాళం వేసేద్దాం అబ్బాయ్.”

మేము కిరస్తానీలం కాబట్టే పక్కనే ఉన్న నేతగాళ్ళ వీధివాళ్ళు పిల్లల్ని పంపడం లేదని నేను తేల్చేసుకున్నాను. ఎవర్నీ అడగలేదు. అడిగితే అవునంటారేమోనని భయం. అడక్కుండా పాటతోనే పిల్లల్ని వెంటబెట్టుకు వద్దామని అయ్యగారు వస్తానన్న ఆదివారం తెల్లవారుతూనే కంజీర పట్టుకుని వాళ్ళ వీధి మొదట్లో నిలబడ్డాను.

పాట ఎత్తుకుంటే కళ్ళు మూతపడటం నాకు చిన్నప్పటి అలవాటు. అత్త దాన్ని భక్తి అనేది. అలాగే మూసుకుని నడిచాను. కాస్త దూరం పోయానో లేదో, వెనక పిల్లల పరుగులు, కేకలు. నేను పిలిస్తే ఇంతమంది రావడం పుట్టాక అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఆనందంలో కంజీర ఇంకా గట్టిగా వాయించి, అడుగు పెంచాను.

తర్వాత ఛాతీకి తడిగా, చల్లగా ఏదో తగిలింది. ఆ తర్వాత ఆకాశం కనిపించింది.

నేతపని తెలిసినవాళ్ళు ఈపాటికే తల పట్టుకుని ఉంటారు. మగ్గం ఎక్కించే ముందు పడుగును, అంటే బట్టకు నిలువు పోగుల్ని, వీధి పొడవునా కర్రల మీద లాగి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. నూలు దొరకడమే గగనమైన ఆ రోజుల్లో నేను ఆ వీధి నేతగాడు వీరయ్య పడుగు మధ్యలో వెల్లకిలా పడుకుని ఉన్నాను. వీరయ్య కుంచె పట్టుకుని నావైపు చూశాడు. తిట్టినా బాగుండేది. వంగి, తెగిన పోగులు లెక్కపెట్టసాగాడు.

వాళ్ళమ్మ సీతమ్మగారు నా రెక్క పట్టుకుని లేపింది.

“ఏ ఊరు నాయనా మీది? ఇంటో ఎవరున్నారు?”

నెలల తరబడి ఎవరూ అడగని మాట అది.

“ఎవరూ లేరండి మామ్మగారూ.”

“సరే, ఇట్టా కూర్చో. ఎండెక్కితే గంజి ఆరిపోద్ది. తెగిన పోగులు అతుకు.”

కంజీర వాయించడం తప్ప మరేం తెలియని నా వేళ్ళు ఒక పోగు అతికితే ఇంకొకటి తెంపుతున్నాయి. పిల్లలంతా చుట్టూ చేరి విరగబడి నవ్వుతూ నేర్పించారు. నన్ను ఆపలేదేమని అడిగాను.

“ఎన్ని కేకలేశామండీ పంతులుగారూ,” అంది వీరయ్య కూతురు. “మీరింకా గట్టిగా వాయించారు.”

మరి సండేస్కూలుకి ఎందుకు రారన్నాను.

“ఆదివారం మాకు బడి ఉండదుగా. అందుకని పడుగులన్నీ ఆ రోజే చాపి మా చేత పోగులు పట్టిస్తారు. మీ గంట వినపడుద్దండీ. రావాలనే ఉంటది.”

ఆ మాటకు తెగని పోగు కూడా అతకబోయాను. ఏమైందని అడిగితే కంట్లో గంజి పడిందన్నాను.

ఖాళీ గది చూసి నన్ను వెతుక్కుంటూ అయ్యగారు అక్కడికే వచ్చారు. జుట్టంతా గంజి, చుట్టూ పిల్లలు, మధ్యలో నేను. ఇదేనా నీ సండేస్కూలు అన్నారు. నేను నోరు తెరిచేలోగా సీతమ్మగారు అందుకుంది.

“పిల్లలు రాలేరండీ. ఈ అబ్బాయినే రమ్మనండి, పోగులు అతుకుతా కథలు చెప్పుకుంటాడు. ఆ వాయించేది మాత్రం ఇంటికాడే పెట్టి రమ్మనండి.”

పగటిపూట గదికి తాళం పడింది గానీ, రాత్రి పడకకు అది నాకే ఉంచారు. సండేస్కూలు పడుగు పక్కకు మారింది. కథ మధ్యలో పోగు తెగితే కథ ఆగేది. మేక కూడా వచ్చేది, దాన్ని తోలడం నా వంతు.

ఏడాది తిరిగేసరికి నూలు బొత్తిగా దొరక్క మగ్గాలు మూలపడ్డాయి. ఒక్కో కుటుంబమే పని వెతుక్కుంటూ ఊరు విడిచింది. వీరయ్య వాళ్ళు వెళ్ళిన ఆదివారం నేను ఖాళీ వీధిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాను. అడ్డం ఏమీ లేదు. కళ్ళు మూసుకున్నా ఎక్కడా పడేవాణ్ణి కాను.

ఆ రోజే గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను. వెనక పిల్లల అడుగులు వినబడితే ముందు ఆగాలి, కళ్ళు తెరవాలి, దారి చూసుకోవాలి, ఆ తర్వాతే నాకోసం వచ్చారని మురిసిపోవాలి. ఇంతవరకూ ఆ ఒట్టు తప్పలేదు. తప్పే అవకాశం మళ్ళీ రాలేదు లెండి.