అచ్చమ్మ కూతురికి పని కావాలి

మా సంఘానికి నేను సెక్రటరీని. అంటే జీతం ఉండదు, తిట్లు మాత్రం వారం వారం టంచనుగా అందుతాయి. పగలు తెనాలిలో ఒక ప్రైవేటు ఆఫీసులో గుమస్తాగిరీ, సాయంత్రం పాసింజరు ఎక్కి రేపల్లెలో ఇంటికి, ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు చదవడం, ఇదీ నా బతుకు. ఈ చివరి పనే నా ప్రాణం తీస్తుంది. ఎవరికి ఏం కావాలో చీటీ మీద రాసి ఇస్తారు. నేను పైకి చదువుతాను. సంఘమంతా ఆమెన్ అంటుంది. ఒకాయన మోకాళ్ళ నొప్పులు పదకొండేళ్ళుగా చదువుతున్నాను. ఆయన నొప్పులు తగ్గలేదు, నా గొంతే తగ్గింది.

అచ్చమ్మ చీటీ ఇచ్చే రకం కాదు. ఆమెకి రాయడం రాదు. నేను చర్చి మెట్లు ఎక్కేలోపే చెయ్యి పట్టుకుని ఆపి, "తమ్ముడూ, రాసుకో" అంటుంది. పెన్ను లేదని తప్పించుకుందామంటే, తనే రవికలోంచి ఒకటి తీసి ఇస్తుంది. రాయడం రాని మనిషి దగ్గర పెన్నెందుకుంటుందో మూడేళ్ళు ఆలోచించాను. నాకోసమే ఉంచుకుంటుంది.

ఆమెది రేపల్లె శివారు. దుర్గాంబ ముఠాలో కూలికి వెళ్తుంది. ముఠా అంటే ఇరవై మంది ఆడవాళ్ళు, వాళ్ళ మీద మేస్త్రి దుర్గాంబ. తెల్లవారుజామున ఇంటింటికీ ఆటో వచ్చి ఎక్కించుకుంటుంది, మధ్యాహ్నం రెండింటికి దించుతుంది. నాట్లయితే నాట్లు, కలుపయితే కలుపు, మినుము పీకుడయితే మినుము పీకుడు. ఆ ముఠాలో చట్టం ఒక్కటే. చేలో నడుమెత్తి ఊరికే నిలబడ్డ మనిషికి మర్నాడు పిలుపు రాదు. దుర్గాంబ తిట్టదు, అరవదు. ఆటో ఆ ఇంటి ముందు ఆగదు, అంతే. అచ్చమ్మ ఇంటి ముందు మాత్రం ముప్ఫై ఏళ్ళుగా ఆగుతూనే ఉంది.

ఆమె భర్త జకరయ్య ప్రభువునందు నిద్రించి పదేళ్ళయింది. అంతకుముందు కూడా ఆయన ముఖ్యంగా చేసింది ఆ పనే. అందుకో ఏమో, ఊరికే ఉన్న మనిషిని చూస్తే అచ్చమ్మకి కంగారు పుడుతుంది. పండగనాడు నేను అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నా, "ఒంట్లో బాగోలేదా తమ్ముడూ" అని అడుగుతుంది. వెటకారమైతే సరిపెట్టుకునేవాణ్ణి. నిజంగానే అడుగుతుంది.

ఆమెకి ఒక్కతే కూతురు, ఏంజెల్. తాటిచెట్టంత పొడుగు. బాపట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంది. సెలవుల్లో తల్లితో చేలోకి వెళ్ళి, గట్టు మీద నుంచి విసిరిన నారు కట్టల్ని బురదలో పడకుండా గాల్లోనే పట్టుకునేది. ఆ సంగతి తెలిసి బాపట్ల డ్రిల్లు మాస్టారు సీమోను గారు ఆ పిల్లని ఫుట్‌బాల్ గోల్ ముందు నిలబెట్టారు. తడి నారు కట్ట పట్టిన చేతికి బంతి ఒక లెక్కా? జిల్లాకి ఆడింది, రాష్ట్రానికి ఆడింది, ఇరవై రెండో ఏట కోయంబత్తూరు వైపు ఒక కొత్త క్లబ్బు తీసుకుంది. ఆ క్లబ్బు ఆ ఏడే ఆడపిల్లల జాతీయ లీగులోకి ఎక్కింది. దేశంలో దానికి పైన ఇంకో లీగు లేదు. ఎనిమిది జట్లు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఒక్కో జట్టుకి పద్నాలుగు మ్యాచ్‌లు.

ఏంజెల్‌తో ఒప్పందం ఒక్క సీజనుకే. నచ్చితే మళ్ళీ ఉంచుకుంటారు, లేకపోతే ఇంటికొచ్చి తల్లి పక్కన మినుము పీకడమే. అచ్చమ్మకి లోకంలో ఉన్న భయం అదొక్కటే. తన బిడ్డ దుర్గాంబ ఆటో ఎక్కకూడదు.

మ్యాచ్‌లు ఫోన్లో వస్తాయి. అచ్చమ్మది బటన్ల ఫోను కాబట్టి, మొదటి మ్యాచ్‌నాడు మూడున్నరకి నా ఫోను ఆమె ఇంట్లో బియ్యం డబ్బాకి ఆనించి పెట్టాను. ప్యాంటు వేసుకున్నవాడికి అన్నీ తెలుసని ఆమె నమ్మకం. నేనూ కాదనలేదు.

మన జట్టు రెండు గోల్స్ కొట్టి గెలిచింది. బంతి ఏంజెల్ దాకా వచ్చింది రెండే సార్లు. మిగతా సేపంతా ఆ పిల్ల గోల్ ముందు అటూ ఇటూ పచార్లు చేసింది, జడ బిగించుకుంది, ఒకసారి ఆవలించింది కూడా. నేను చప్పట్లు కొట్టాను. అచ్చమ్మ మొహం మాత్రం పాలిపోయింది.

"అందరూ చెమటలు కక్కుతా పరిగెడుతుంటే ఇదొక్కతే గుంజలాగా నిలబడిందేంటి తమ్ముడూ?"

"దాని పని అదే అక్కా."

"నిలబడ్డం పనేంటి? వాళ్ళ మేస్త్రి చూడడా? రేపు పిలుస్తాడా దీన్ని?"

తెలిసినవాడైతే అక్కడే సర్దిచెప్పేవాడు. నాకు తెలియదు కాబట్టి ఆమె మాట సబబుగానే తోచింది. ఒక్క మనిషికి పని లేదంటే ముందు కోతపడేది ఆ మనిషికే కదా. "అదీ నిజమేనక్కా" అన్నాను.

తర్వాతి ఆదివారం ఆమె చెప్పింది, నేను రాశాను, నేనే చదివాను: "ఏంజెల్‌కి చేతినిండా పని దొరకాలని, బంతులు బాగా రావాలని సంఘం ప్రార్థించాలి." పాస్టరు అయ్యగారు కళ్ళు గట్టిగా మూసుకుని, "ప్రభువా, ఆ బిడ్డ మీద బంతులు కుమ్మరించు" అన్నారు. రెండొందల మంది ఆమెన్ అన్నారు.

కుమ్మరించాడు. ఆ వారం మన జట్టు ఐదు సున్నాతో ఓడింది. ఐదు గోల్స్ పడ్డాయి గానీ ఏంజెల్ పదకొండు ఆపింది. ఎగిరింది, దొర్లింది, మోచెయ్యి దోక్కుపోయింది, ఒకసారి గోల్ స్తంభానికి గుద్దుకుంది. అచ్చమ్మ మొహం చాటంత అయింది.

"ఎంత చాకిరీ చేసిందో చూశావా నా తల్లి."

"ఓడిపోయారక్కా."

"ఆ పరిగెత్తేవాళ్ళు ఓడారు. ఇది ఒక్క నిమిషం కూర్చుందా?"

నాకూ అందులో న్యాయం కనిపించింది. మా ఆఫీసు కూడా ఇలాగే నడుస్తుంది. ఎవడి బల్ల మీద కాగితాలు పేరుకుపోతే వాడే పనిమంతుడు.

ఇక చూసుకోండి. ఫిబ్రవరిలో ఒకసారి నాలుగు, ఒకసారి ఆరు, మార్చిలో ఒకసారి మూడు గోల్స్ పడ్డాయి. మధ్యలో రెండుసార్లు ఎలాగో గెలిచారు. ఆ రెండు వారాలూ అచ్చమ్మకి అన్నం సయించలేదు. శుక్రవారం స్త్రీల కూడికలో ఉపవాస ప్రార్థన పెట్టించింది. పాతికమంది ఆడవాళ్ళు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా, ముక్కూ మొహం తెలియని జట్లన్నీ వచ్చి మన పిల్ల మీద పడాలని మోకరించారు. మాలో ఒక్కరికి, నాతో సహా, ఈ ఆట గురించి ఆవగింజంత తెలిస్తే ఒట్టు. ఏంజెల్ ఫోను చేసి, "ఇక్కడ ఏం బాగోలేదమ్మా, ప్రార్థన చెయ్యి" అనేది. "చేస్తున్నామే, సంఘమంతా ఉపవాసం ఉంటున్నాం" అని ఈవిడ ధైర్యం చెప్పేది.

ఏప్రిల్ మొదటి ఆదివారం సీమోను మాస్టారు ఎవరో చుట్టాల బిడ్డ బాప్తిస్మానికి బాపట్ల నుంచి మా చర్చికి వచ్చారు. నేను చీటీ చదువుతుంటే వెనక వరసలో ఎవరికో పొలమారినట్టు వినిపించింది. ఆరాధన అవగానే ఆయన నా చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కుపోయారు.

"ఏం చదివారండి మీరు?"

"ఏంజెల్‌కి బంతులు బాగా రావాలని అండి."

"ఎప్పటి నుంచి చదువుతున్నారు?"

"జనవరి నుంచండి."

ఆయన మెట్టు మీద కూలబడ్డారు. "బంతి రాకూడదండి బాబూ. గోల్ కీపర్ దాకా బంతి వచ్చిందంటే ముందున్న పదిమందీ చేతులెత్తేసినట్టు. ఆ పిల్ల ఊరికే నిలబడితేనే జట్టు బాగున్నట్టండి. అడుగున పడ్డ రెండు జట్లూ కింది లీగుకి దిగిపోతాయి. మనది ఏడో స్థానంలో ఉంది. వచ్చే ఆదివారం ఆఖరి మ్యాచ్. గెలిస్తే ఉంటారు. లేదంటే దిగిపోతారు. దిగితే జట్టే ఎత్తేస్తానని వాళ్ళ ఓనరు చెప్పేశాడంట."

అచ్చమ్మ నా వెనకే నిలబడి అంతా విన్నది.

"నేనే చేశానా తమ్ముడూ?" అంది. "కూలోళ్ళం, పని తప్ప ఇంకేం అడుగుతాం? నాకు తెలిసిందే అడిగాను."

నాకు సిగ్గేసింది. ప్యాంటు వేసుకుని, పేపరు చదివి, మూడు నెలలు ఆ చీటీ గొంతెత్తి చదివినవాణ్ణి నేను. ఆమెకి తెలియకపోవడంలో తప్పు లేదు. నాకు తెలియదని ఒప్పుకోకపోవడమే తప్పు.

ఆఖరి మ్యాచ్‌నాడు పొద్దున నేను చీటీ చదవనని మొరాయించాను. అయ్యగారు అచ్చమ్మనే లేచి ప్రార్థన చెయ్యమన్నారు. ఆమె లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది. ఏభై ఏళ్ళ బతుకులో ఎన్నడూ అడగనిది అడగాలి మరి.

"ప్రభువా, ఈ ఒక్క రోజు నా బిడ్డకి ఏ పనీ లేకుండా చెయ్యి" అంది.

ఆమెన్ అనడానికి సంఘం తటపటాయించింది. పని లేకుండా పోవాలని ప్రార్థించడం మా వాళ్ళెవరికీ అలవాటు లేదు. నేనే ముందు అన్నాను, గట్టిగా.

మధ్యాహ్నం అచ్చమ్మ ఇంట్లో మళ్ళీ బియ్యం డబ్బాకి ఫోను ఆనించాం. సీమోను మాస్టారు కూడా బాపట్ల నుంచి వచ్చారు. మనవాళ్ళు బంతి వదలకుండా ఆడారు. ఏంజెల్ దగ్గరికి బంతి ముచ్చటగా మూడుసార్లు, అదీ దొర్లుకుంటూ వచ్చింది. తొంభై నిమిషాలూ ఆ పిల్ల నిలబడే ఉంది. అటువైపు మనవాళ్ళు కొట్టిన ప్రతి బంతీ పైనుంచో పక్కనుంచో పోయింది. సున్నా సున్నా. కర్ర విరగలేదు, పాము చావలేదు. అచ్చమ్మ అడిగింది అడిగినట్టే ఇచ్చాడు దేవుడు. మనవాళ్ళు ఒక్క గోల్ కొట్టాలని అడగడం మాత్రం ఎవరికీ తట్టలేదు, అంత చదివిన సీమోను మాస్టారికి కూడా.

జట్టు దిగిపోయింది. ఏంజెల్ గోల్ స్తంభం పక్కన కూలబడి గ్లౌజుల్లో మొహం దాచుకుంది. అచ్చమ్మ కూతురి తల నిమరబోయినట్టు ఫోను మీద చెయ్యి పెట్టింది. వీడియో ఆగిపోయింది. మళ్ళీ పెట్టమని ఆమె అడగలేదు.

సోమవారం పొద్దున ఆటో ఎక్కుతూ, "మా పిల్ల వస్తంది, దానికో చోటుంచు" అని దుర్గాంబతో చెప్పిందట. ఆ మాట నాకు దుర్గాంబే చెప్పింది.

గురువారం సాయంత్రం నేను పాసింజరు దిగుతుంటే ఏంజెల్ ఫోను చేసింది. "మావయ్యా, అమ్మ దగ్గరికెళ్ళి వీడియో కాల్ చెయ్యి" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో అర్థం కాలేదు. పరిగెత్తినంత పని చేశాను. అచ్చమ్మ పెరట్లో చేతులు కడుక్కుంటోంది.

"అమ్మా, ఇంకో క్లబ్బు పిలిచింది. ఈ లీగులోదే, మూడో స్థానంలో వచ్చినోళ్ళు. రెండేళ్ళకి."

"దిగిపోయిన జట్టులోదానివి, నిన్నెందుకే?"

"సీజన్ మొత్తంలో అందరికన్నా ఎక్కువ బంతులు ఆపింది నేనంట. నూట పన్నెండు. ఐదూ ఆరూ గోల్స్ పడ్డ మ్యాచ్‌లు కూడా కూర్చుని చూశారంట. ఆ మ్యాచ్‌లు చూసే పిలిచారు."

నేను పైకి చూశాను. ఇన్నాళ్ళూ మా చీటీలు చదివి ఆయన ఏం అనుకున్నాడో నాకేం తెలుసు. అచ్చమ్మ తడి చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి. చెప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

కాసేపటికి తేరుకుని, "అక్కడ పని బాగా ఉంటదా?" అని అడిగింది.

"ఉండదమ్మా. గట్టి జట్టు వాళ్ళది. బంతి నా దాకా ఎప్పుడో గాని రాదు. ఊరికే నిలబడ్డమే ఎక్కువ."

మళ్ళీ పెన్ను తీస్తుందేమోనని భయపడ్డాను. అచ్చమ్మ తీయలేదు. నడుం మీద ఒక చెయ్యి వేసుకుని, రెండో చేత్తో ఫోను దగ్గరికి తీసుకుంది.

"నిలబడవే," అంది. "నా నడుం ఎలాగూ వంగిపోయింది. నువ్వన్నా నిటారుగా నిలబడు."