తూకం మీద గుప్పెడు

మా అయ్యని ఠాణాకి తీసుకెళ్ళింది ఒక గుప్పెడు బియ్యం కోసం. ఈ మాట ఇప్పుడు చెబితే ఇంట్లో పిల్లలు నవ్వుతారు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మలాయి దేశంలో సుంగై సుమున్ దగ్గర కొబ్బరి ఎస్టేటు గేటుకి ఎదురుగా మా కొట్టు. తెల్లవాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా పోలేదు, మెర్డెకా, అదే స్వతంత్రం, ఇంకా రాలేదు. అడవిలో దాక్కున్న తిరుగుబాటువాళ్ళకి తిండి అందకూడదని సర్కారు బియ్యానికి కట్టడి పెట్టింది. కార్డుకి ఇంత అని రాసి ఉంటుంది, దాని మీద గింజ పొయ్యకూడదు. డబ్బా పాలు అమ్మితే మూతకి మేకుతో చిల్లు పొడిచి మరీ ఇవ్వాలి, దాచుకోడానికి పనికిరాకుండా. ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె. లోపలికి వెళ్ళే ప్రతి మూటనీ గేటు దగ్గర మళ్ళీ తూచేవారు. ఎక్కువ పోసిన కొట్టువాడు అడవివాళ్ళకి సాయం చేసినట్టే లెక్క. అలా తీసుకెళ్ళినవాణ్ణి విచారణ లేకుండా ఎన్నాళ్ళైనా లోపల పెట్టొచ్చు. పక్కనున్న హుటాన్ మెలింటాంగ్‌లో ఒక చైనా కొట్టతన్ని అలాగే తీసుకెళ్ళారు. ఎక్కడున్నాడో పెళ్ళానికే తెలీదు.

నేను కొట్లోనే పెరిగాను. బేరం నాకు మాటలతో పాటే వచ్చింది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళని, తెచ్చిన అరటిపళ్ళు ఎంతకి కొన్నారని అడిగానట. ఆ సంబంధం తప్పిపోయిందని మావాళ్ళు ఇప్పటికీ దెప్పుతారు. పళ్ళకి మాత్రం వాళ్ళు ఎక్కువే పెట్టారు.

మా అయ్య అలా కాదు. ముల్లు నిలబడ్డాక ఆయన చెయ్యి దానంతటదే బస్తాలోకి వెళ్ళి, ఒక గుప్పెడు తీసి, కొసరు వేసి వచ్చేది. ఆయన వాళ్ళయ్య కూడా విజయనగరం వైపు సంతలో అలాగే వేసేవాడట.

"అయ్యా, కొసరు మానెయ్. కాలం బాగోనేదు," అని ఎన్నిసార్లో చెప్పాను.

"మానేసినాన్లే," అనేవాడు. మానలేదు.

ఆ ఉదయం ఎస్టేటు కూలీల లైన్లలో ఉండే ముసలమ్మ ఒకావిడ వచ్చింది. మేమంతా పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. కార్డు మీద బియ్యం తూచి ఒళ్ళో పోశాడు అయ్య. పోశాక చెయ్యి బస్తాలోకి వెళ్ళింది. ఎదురుగా ఉండి కూడా నేను సబ్బులు సర్దుకుంటూ ఊరుకున్నాను. ఆవిడ రోడ్డు దాటి గేటు దగ్గరికి వెళ్ళింది. అక్కడ తూచారు. ఎక్కువుంది.

పాపం, దొంగచాటుగా అమ్మలేదని చెప్పి మమ్మల్ని కాపాడుదామనే పెద్దమ్మ నోరు తెరిచింది.

"నాను అడగనేదు బాబూ. ఆ బాబే ఊరికే ఏసినాడు," అంది.

ఊరికే. ఆ కాలంలో బియ్యం ఊరికే పోసే కొట్టువాడంటే అడవితో చుట్టరికం ఉన్నవాడే. సాయంత్రంలోగా ఠాణా నుంచి జీపు వచ్చింది. తలకి తుండుగుడ్డ చుట్టుకుని అయ్య జీపెక్కాడు. "బస్తా మూతి కట్టెయ్, ఎలకలొస్తాయి," అని మాత్రం చెప్పాడు.

మర్నాడు నేను తక్కెడ పట్టుకుని ఠాణాకి వెళ్ళాను. ఎందుకు పట్టుకెళ్ళానో నాకే తెలీదు. చేతిలో తక్కెడ లేకుండా నాకు మాట్లాడటం రాదు కాబోలు.

అక్కడి దొరని అందరూ పాలస్తీనా దొర అనేవారు. మా దేశానికి రాకముందు ఆయన పోలీసు ఉద్యోగం అక్కడ చేశాడు. మా ఎస్టేటు చుట్టూ కంచె వేయించిందీ, మనిషి మనిషికీ కార్డులు చూడటం నేర్పిందీ ఆయనే అని చెప్పుకునేవారు. పాలస్తీనా ఎక్కడో నాకు తెలీదు. దొర మాటలు నాకు తెలుగులో చెప్పడానికి పిలిపించిన ఎస్టేటు గుమస్తా మా తెలుగాయనే. ఆయన్నే అడిగాను.

"సూయెజ్ కాలవకి అవతల. నోర్మూసుకో, దొర వస్తన్నారు," అన్నాడు.

దొర కుర్చీలో కూర్చుని నన్నూ తక్కెడనీ చూశాడు. గుమస్తా చేతులు కట్టుకున్నాడు.

"ఊరికే బియ్యం పోసే వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా అని దొర అడుగుతున్నారు."

"ఊరికే కాదు బాబూ. అది కొసరు. మా ఆచారం," అన్నాను.

ఆ మాట విని దొర ముఖం మాడింది. చాలాసేపు మాట్లాడాడు. గుమస్తా ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు.

ఆ దేశంలో దొర ఒక అరబ్బు కొట్టతన్ని ఎరుగునట. అతని కొట్టుకి పాలూ గుడ్లూ పక్కనున్న యూదుల ఊరి నుంచే వచ్చేవి. తర్వాత కట్టుబాట్లు వచ్చాయి. వీళ్ళు వాళ్ళ దగ్గర కొనకూడదు, వాళ్ళు వీళ్ళని పనిలో పెట్టుకోకూడదు. ఎవరు ఎవరి దగ్గర గుడ్డు కొన్నారన్నదాన్ని బట్టి మనిషి ఏ పక్షమో తేల్చేవారు. ఆ కొట్టువాడు మాత్రం పెరటి గుమ్మంలోంచి పాలు తీసుకుంటూనే ఉన్నాడు. పట్టుకుంటే, మా నాన్న నాటి ఆచారం దొరా అన్నాడట. దొర నమ్మి వదిలేశాడు. తెల్లారేసరికి కొట్టు కాలిపోయి ఉంది. మనిషి లోపలే ఉన్నాడు. ఎవరు కాల్చారో తేలలేదు.

"అందుకని ఆచారం అనే మాట దొర మళ్ళీ నమ్మరంట," అన్నాడు గుమస్తా.

అయినా బేరగత్తె నోరు కదా, ఊరుకోలేదు.

"పక్కపక్కన బతికినోళ్ళకి అంత పగ ఏల వచ్చిందో అడగండి."

గుమస్తా నా వైపు కొరకొరా చూసి అడిగాడు. దొర ఈసారి మెల్లగా చెప్పాడు. అన్నిటికీ మొదలు నేలేనట. ఎక్కడో పట్నంలో ఉండే భూస్వాములు పొలాలు అమ్మేశారు. దున్నే అరబ్బులకి ఆ సంగతి అందరికన్నా ఆఖర్న తెలిసింది, లేచి పోవలసి వచ్చింది. కొన్న యూదులూ సుఖంగా వచ్చినవాళ్ళు కాదు. తమ దేశాల్లో తరిమితే, ఇంకే దేశమూ తలుపు తియ్యకపోతే, ఓడలెక్కి వచ్చినవాళ్ళు. మధ్యలో ఇద్దరికీ మాటిచ్చిన సర్కారు మాది అన్నాడు దొర. చివరికి మేం జెండా దించుకుని వచ్చేశాం అన్నాడు.

ఈ ముక్క తెలుగులో చెబుతూ చెబుతూ గుమస్తా దొరని వదిలి నా వైపు తిరిగాడు. మా ఎస్టేటుని ముక్కలు చేసి అమ్మేస్తారని అప్పటికే పుకారు. యజమానులు ఎక్కడో లండన్‌లో. మెర్డెకా వస్తే ఈ దొరలూ జెండా దించుకుని పోతారు. మలాయివాళ్ళమూ కాక, చైనావాళ్ళమూ కాక మేం ఎవరి పక్షం? అయ్య కోసం పడే భయం కాదది, ఇంకొకటి. కాళ్ళ కింద నేల మాది కాదని అంతవరకూ తెలీనట్టు, ఠాణా గచ్చు మీద కాళ్ళు దగ్గరకి లాక్కున్నాను.

కానీ ముందు అయ్య. ఆచారం అన్న సరుకు ఇక్కడ అమ్ముడుపోదు. సరుకు మార్చాలి.

"బాబూ, దొరగారిని నా దగ్గర బియ్యం కొనమనండి," అన్నాను.

"పిచ్చి పట్టిందేటి నీకు?"

"సెప్పండి లా!" అన్నాను, మలాయివాళ్ళ తోకమాట తగిలించి.

చెప్పాడు. దొరకి విసుగో వింతో, సరే అన్నాడు. నా దగ్గర బియ్యమెక్కడివి? తక్కెడలో ఒకవైపు ఆయన సిరాబుడ్డీ, రెండోవైపు ఆయన తాళాలగుత్తీ పెట్టాను. నేను తూచేది బియ్యమే అనుకోమన్నాను.

"బియ్యం ధర సర్కారు పెట్టింది. నా కొట్లోనూ అదే, పక్క చైనా కొట్లోనూ అదే. తూకం సర్కారుది. బియ్యం ఒకే గొడౌనువి. దొరగారు పక్క కొట్టుకి పోకుండా నా కొట్టుకే ఎందుకు రావాలి?"

గుమస్తా చెప్పాడు. దొర తక్కెడ వైపు వంగాడు.

"రావాలంటే నా దగ్గర ఏటుంది? ఈ గుప్పెడొక్కటే ఉంది. అది దానం కాదు, అడివికీ కాదు. పక్కకొట్టోడి గిరాకీ లాక్కోడానికి మా అయ్య ఏసిన ఎర. మా అయ్య ఒట్టి లోభి దొరా!"

గుమస్తాకి నవ్వు వచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. దొర తాళాలగుత్తిని తక్కెడలోంచి తీసుకుని చేతిలో ఆడించాడు. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది. నాకన్నా ఆయనే ఎక్కువ భయంలో ఉన్నాడేమో అనిపించింది. ఈ సారి నమ్మకపోతే తప్పో, నమ్మితే తప్పో ఆయనకీ తెలీదు.

"ఆశ నాకు అర్థమవుతుందంటున్నారు," అన్నాడు గుమస్తా. "ఇంకోసారి గింజ ఎక్కువైతే మాత్రం కొట్టూ పోద్ది, మనిషీ పోతాడు. ముసలమ్మకీ ఇదే మాట."

అయ్యని బయటికి తెచ్చారు. ఒక్క రాత్రికే గడ్డం నెరిసినట్టుంది. రోడ్డెక్కి తుండుగుడ్డ బిగించుకున్నాడు. తర్వాత అడిగాడు.

"ఏటి సెప్పినావు?"

చెప్పాను. ఆగిపోయాడు.

"నోబినా నాను? గిరాకీ కోసం ఏసినానా?"

"మరి దేనికేసినావు?"

"ఆ ముసిల్దానికి ఇంట్లో ఇద్దరు మనవలున్నారే! కార్డు ఒకటే!" నడిరోడ్డు మీద అరిచాడు. "యాపారం కోసం అన్నావా? నా సెయ్యి అంత నీచమైందని తెల్లోడికి సెప్పి తెచ్చినావా నన్ను?"

"అరవకు అయ్యా, ఠాణా ఇంకా అగుపిస్తంది."

"అగుపించనీ. ఎనక్కెళ్ళి సెప్పేస్తాను."

ఆయన చెయ్యి పట్టుకున్నాను. లాక్కుని ఇంటి వైపు ముందు నడిచాడు, అవమానపడ్డ మనిషి నడకతో. పళ్ళేలు చప్పుడు కాకుండా తక్కెడని గుండెకి అదుముకుని నేను వెనకాల పరిగెత్తాను. రోడ్డు మలుపు తిరిగేదాకా, దొర మళ్ళీ పిలుస్తాడేమోనని వెనక్కి చూస్తూనే ఉన్నాను. బేరం కుదిరిపోయాక కూడా మనసు మార్చుకుని వెనక్కి పిలిచేవాళ్ళు ఉంటారు. అలా ఎంతమందిని నేనే పిలిచానో.