నాలుకకూ ఒక రోజా

ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడి ఏళ్లు గడిచినా గోడలు లేవని రోజుల్లో, రేవు పనులకని గోదావరి, కృష్ణా జిల్లాల కుటుంబాలు ట్రంకుపెట్టెలతో రైలు దిగుతున్న కాలంలో, ఆటోలు వచ్చి జట్కాలను సందుల్లోకి నెట్టేస్తున్న ఆ సంధికాలాన, విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గర తాతలనాటి బండిని ఇంకా విడవకుండా పట్టుకున్నవాడు జిలానీ బాషా.

మనిషి సన్నం. స్థిమితం ఎరుగడు. టీ అయినా నిలబడే తాగేవాడు. బండెక్కితే పగ్గాలను ఊరికే ఉండనిచ్చేవాడు కాదు. అన్నిటికీ మించి అతడి నాలుక! గుర్రాన్ని అదిలించే టక్కుటక్కుమనే చప్పుడు ఆ నాలుకకు ఊపిరితో సమానం. ఒకనాడు అన్నం పళ్లెం ఆలస్యమైందని, భార్య సర్దార్ బీని చూసి కూడా తెలియకుండానే ఆ చప్పుడు చేశాడు.

"నానేటి, గుర్రాన్నా?" అందామె. "నిద్దట్లోనూ అదే సప్పుడు. బల్లి పలికిందని పక్కింటోళ్లు శకునం సూసుకుంటన్నారు!"

ఇంత అదిలింపుకూ అతడి గుర్రం మాత్రం కదిలేది కాదు. పేరు నవాబు. ఒళ్లు నిగనిగలాడేది, డెక్కలో దోషం లేదు, ఉలవలకు లోటు లేదు. అయినా నాలుగడుగులు వేసి నిలబడేది. అదిలిస్తే చెవులు వెనక్కి వాల్చేది. కొరడా ఝళిపిస్తే చర్మం ఒకసారి జలదరించి ఊరుకునేది.

"నవాబుగారికి దర్బారు వదిలి రావాలని లేదేటి, బావా?" అని రిక్షా తొక్కే అబ్బులు ఎగతాళి చేస్తూ, జట్కా ఎక్కబోయినవాళ్లను తన రిక్షాలో ఎక్కించుకుపోయేవాడు.

రంజాను నెల నడుమ, జిలానీ రోజా ఉపవాసంలో ఉన్న ఒకనాడు, సున్నపుబట్టీ సూరన్న కబురు పంపాడు: సాయంత్రం వచ్చి చూస్తానని, నచ్చితే గుర్రాన్ని తోలుకుపోతానని. బట్టీలో గుర్రాల బతుకు జిలానీకి తెలుసు. రాళ్ల బండి, సున్నపు ధూళి, ఆగని కంటినీరు. కానీ నడవని గుర్రాన్ని పెట్టుకుని ఎన్నాళ్లు ఈదగలడు? ఆ పొద్దంతా అతడి చేతులు ఒకచోట నిలవలేదు. నవాబు మెడ నిమిరాడు, డెక్కల నాడాలు చూశాడు, మళ్లీ మెడ నిమిరాడు.

మధ్యాహ్నం వాలాక జాలరిపేట వరహాలమ్మ చేపల గంపలతో బండెక్కింది.

"పూర్ణా మార్కెట్టుకి బేగి తోలు సాయిబూ. నీ నవాబు నడకకి నా సేపలు ఎండుసేపలైపోతాయి."

ఎగువదారి మొదట్లోనే గుర్రం ఆగింది. జిలానీ అలవాటుగా నాలుకను అంగిటికి తాకించాడు. చప్పుడు రాలేదు. ఉపవాసపు దప్పికకు నోరు పిడచగట్టుకుపోయింది. మరోసారి ప్రయత్నించాడు, గాలి మాత్రమే వచ్చింది. విసిగిపోయి పగ్గాలు ఒళ్లో పడేసి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

నవాబు చెవులు ముందుకు తిరిగాయి. ఏమీ వినిపించలేదు. ఒక అడుగు వేసింది. తరువాత మరొకటి.

జిలానీ చేయి గబుక్కున పగ్గం మీదికి పోయింది. వరహాలమ్మ వెనకనుంచి ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

"ఉండెహె! నడుత్తంటే ఇంకా ఏటి పొడుత్తావు? నిలబడినా అదే సప్పుడు, నడిసినా అదే సప్పుడైతే అది మాత్తరం ఎందుకు నడవాల?"

జిలానీకి అప్పుడు తెలిసొచ్చింది. ఇన్నేళ్లూ నవాబు అడుగు వేసిన ప్రతిసారీ దానికి దక్కింది మరొక అదిలింపే. మనస్సే పగ్గమన్న పెద్దల భావన ఆ దారిలో రూపుకట్టింది. కుదురు లోపించినది గుర్రంలో కాదు, ఆ పగ్గంలోనే.

మార్కెట్టు దాకా అతడు పడిన యాతన దేవుడికే ఎరుక. పగ్గం లాగాలని వేళ్లు జివ్వుమన్నాయి. ఆకలిదప్పుల ఉపవాసం కన్నా ఈ ఊరకుండే ఉపవాసం కఠినమనిపించింది. ఎగువన నవాబు నెమ్మదించినప్పుడు పగ్గాన్ని ఒక్కసారి ఎత్తాడు. అది అడుగు వేయగానే వదిలేశాడు. మలుపులో ఆ ఒక్కసారి కూడా అక్కరలేకపోయింది. పల్లం రాగానే గుర్రం తనంత తానే పరుగందుకుంది.

"ఓలమ్మో, ఆపు సాయిబూ, నా గంపలు!" అని వరహాలమ్మ కేకలు పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి సూరన్న గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు.

"గుర్రాన్ని అమ్మను బావా, మనసు మారిపోనాది" అన్నాడు జిలానీ.

"సూడకుండానే పంపేత్తావేటి?" అంటూ సూరన్న బండెక్కి, పగ్గాలు లాగి టక్కుటక్కుమన్నాడు. నవాబు రాయిలా నిలిచింది. ఎంత గట్టిగా అదిలిస్తే చెవులు అంతగా వాలిపోయాయి.

"గుర్రం కాదిది, గుంజ! ఊరికే ఇచ్చినా నాకొద్దు బావా" అని అతడు దిగి వెళ్లిపోయాడు.

జిలానీ పగ్గాన్ని ఒక్కసారి ఎత్తి వదిలాడు. నవాబు మెల్లగా నడిచి పాకలోకి చేరింది.

మసీదు నుంచి అజాన్ వినిపించింది. సర్దార్ బీ ఖర్జూరం, మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, "ఇయాల మీ సప్పుడేదండీ?" అంది. జిలానీ గుటక వేశాడు. తడిసిన నాలుక తెలియకుండానే అంగిటిదాకా వెళ్లింది. పాకలో నవాబు చెవి ఇటు తిరిగింది. అతడు నాలుకను మెల్లగా దించేశాడు.

ఆ నాలుకకు ఆ నిలకడా, ఆ చేతులకు ఆ శాంతమూ నిలిచి, సర్దార్ బీ పొయ్యిలో నిప్పు ఆరక, నవాబు తొట్టిలో ఉలవలు తరగక, ఆ ఇల్లు పిల్లాపాపలతో చల్లగా వర్ధిల్లుగాక!