అత్త మాడకు ఆలివ్ ఆయిల్

చిన్న ముచ్చట, మీ చాయ్ చల్లారకముందే అయిపోతది. నిన్న మా ఇంట్ల ఒక సంబంధం నిలబెడదామని పోయిన. రెండు చెడినయి!

అన్నట్టు, పక్కింటి సాయమ్మ కోడలు మళ్ల అలిగి పుట్టింటికి పోయిందట. సరే, అది వేరే కథ. మా మరిది నర్సింహ ఉన్నడు గదా, మా ఉప్పునుంతల చుట్టుపక్కల వాడు వద్దనని పిల్ల లేదు, వాణ్ని వద్దనని పిల్లా లేదు. ఆఖరికి వనపర్తి దిక్కు నుంచి ఒకటి కుదిరేటట్టు కనబడ్డది.

మా దిక్కు వరుస తేలనిదే సంబంధం మాట్లాడరు. ఊర్ల ఎవరికి ఎవరేమైతరో చెప్పేది మా అత్త ఎల్లమ్మ. అట్లాంటి అత్త ఈ మధ్య పప్పుల రెండుసార్లు ఉప్పేస్తున్నది. మొన్నైతే నన్నే చూసి "ఎవరి బిడ్డవమ్మా?" అన్నది.

నర్సింహ పరేషాన్. "వదినా, ఆళ్లొచ్చిన్నాడు అమ్మ గిట్లనే మరిచిపోతే నా లగ్గం ఏంగావాలె?"

గప్పుడే దొరికింది మందు! మిర్చి బజ్జీలు చుట్టిచ్చిన పేపర్ల. ఆలివ్ నూనెల ఏవో పదార్థాలున్నయట, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు రాకుండ మెదడును కాపాడొచ్చని సైంటిస్టులు అంటుండ్రట. ఎట్ల వాడాల్నో రాసిన కింది సగం ఇంకెవరి బజ్జీలకో పోయింది.

తెల్లారే బస్సెక్కి నాగర్‌కర్నూల్ పోయిన. మెడికల్ షాపాయన పసిపిల్లల ఒంటికి రాసే ఆలివ్ నూనె చిన్న డబ్బా తీసి, "బాబుకు ఎన్ని నెలలమ్మా?" అన్నడు.

"బాబు కాదు, అత్త. డెబ్బై దాటినయి."

ఆయన చిన్నది లోపల పెట్టి పెద్ద డబ్బా తీసిండు.

ఇంట్ల మా ఆయన అడిగిండు: "తినేదా, తాగేదా?"

"మెదడు యాడుంటది? కడుపులనా?"

ఆయన పోయి పీట తెచ్చి వేసిండు. ఇంక రోజూ పొద్దున, మాపు అత్తను పీట మీద కూసోబెట్టి, మాడ మీద నూనె పోసి, ఇంకేదాక అదిమిన. వారం తిరిగేసరికి అత్త తల ఇత్తడి చెంబు లెక్క మెరుస్తున్నది.

నిన్న పిల్ల తల్లిదండ్రులు వచ్చిండ్రు. అత్త పిల్ల తల్లిని అడిగింది: "మీ అమ్మమ్మ పేరేంది బిడ్డా?"

"బాలమ్మ."

అత్త కండ్లు మూసుకున్నది. నర్సింహ దేవునికి మొక్కుతుండు. అత్త టక్కున కండ్లు తెరిచింది!

"బాలమ్మ మా అమ్మమ్మకు సొంత చెల్లె! ముగ్గురు అక్కచెల్లెండ్లు వాళ్లు. అంటే నువ్వు నాకు చెల్లెవు. నీ బిడ్డ, నా కొడుకు అన్నాచెల్లెండ్లు!"

వచ్చినోళ్లు చాయ్ గ్లాసులు కింద పెట్టిండ్రు. నర్సింహ నా దిక్కు చూసిన చూపు పగోనికి కూడా వద్దు.

నాకేమో సంతోషం ఆగలే. "చూసిండ్రా! ఆలివ్ ఆయిల్ మహిమ! మాడకు రాసిన!"

పిల్ల తండ్రి బడిల సారు. మెల్లగ అన్నడు: "అది తలకు కాదమ్మా, కూరల వేసుకునేది. అది కూడా ఏండ్ల తరబడి తింటే, మేలు చేస్తదేమో అంటుండ్రు, అంతే."

అక్కడితోని ఊకుంటే అయిపోతుండె. నా నోరు ఊకుంటదా? "మరి ఆ మూడో ఆమె ఎవరత్తా?"

"అచ్చమ్మ. మన్ననూర్‌ల ఇచ్చిండ్రు."

"మన్ననూర్ అచ్చమ్మనా? మా అమ్మమ్మనే గదా!"

అత్త నన్ను కిందికి మీదికి చూసింది. "అట్లయితే నువ్వు కూడా నాకు చెల్లెవే. మా పెద్దోనికి చిన్నమ్మవు."

మా ఆయనకు పొలమారింది. నేను అడిగిన: "అత్తా, మా లగ్గానికి వరుస ఎవరు చూసిండ్రు?"

"నేనే," అన్నది అత్త. "అప్పుడు మరిచిపోయినట్టున్న."

వనపర్తోళ్లు లేచి పోయిండ్రు. పొద్దున్నుంచి మా ఆయన "చిన్నమ్మా, జర చాయ్" అంటుండు. ఇంకెవరి కాపురం బయటపడుతదోనని మిగిలిన నూనె డబ్బా దాచిపెట్టిన.

ఎక్కడ పెట్టిన్నో యాదికొస్తలేదు.